పని చోటికి పంపే ముందు పిల్లలకు అడగడం నేర్పండి

మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. తొమ్మిదో తరగతి పిల్లలు 48 మంది. ఇంకో ఆరు వారాల్లో ఐదు రోజుల వర్క్ ఎక్స్‌పీరియన్స్‌కి, అంటే బయట సంస్థల్లో పని చూసి నేర్చుకోవడానికి, వెళ్లాలి. బాధ్యత కొత్తగా మీ మీద పడింది. ఓరియంటేషన్‌కి స్కూలు ఒక్క గంట ఇచ్చింది, అందులో ఏం చెప్పాలని అడిగారు. పోయినేడాది వెళ్లిన పిల్లలు ఒక మూలన కూర్చుని ఫోన్లు చూసుకున్నారని కొన్ని సంస్థలు ఫిర్యాదు చేశాయనీ, అందుకే ఈసారి క్రమశిక్షణ గురించి గట్టిగా చెప్పాలనుకుంటున్నాననీ రాశారు. ముగ్గురు పిల్లల తల్లిదండ్రులు తమ పిల్లల్ని పంపబోమంటున్నారని కూడా చెప్పారు కదా, దానికీ చివర్లో వస్తాను.

పద్నాలుగేళ్లుగా మా స్కూల్లో ఈ పని నేనే చూస్తున్నాను. ఏటా నలభై, యాభై మందిని పంపుతాం. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి. నా సలహా ముందే చెప్పేస్తాను. క్రమశిక్షణ గురించి పది నిమిషాలకు మించి మాట్లాడకండి. మిగతా సమయమంతా పిల్లలకు అడగడం నేర్పడానికి వాడండి. తెలియనప్పుడు అడగడం, పని అయిపోయినప్పుడు అడగడం, భయమేసినప్పుడు చెప్పడం. సిద్ధం చేయడం అంటే నా దృష్టిలో ముఖ్యంగా ఇదే.

ముందు ఆ ఫోన్ల సంగతి చూద్దాం. మొదటి రెండు మూడేళ్లు నాకూ ఇదే ఫిర్యాదు వచ్చేది. నేనూ ఫోన్ల మీద లెక్చర్లు ఇచ్చాను, హామీ పత్రాల మీద సంతకాలు తీసుకున్నాను. ఏమీ మారలేదు. ఒక ఏడాది రెండో రోజు పొద్దున ముందుగా చెప్పకుండా ఒక అకౌంట్స్ ఆఫీసుకి వెళ్లాను. మా విద్యార్థిని కిటికీ పక్కన కుర్చీలో ఫోన్ పట్టుకుని కనిపించింది. క్లాసులో ఎప్పుడూ ముందు వరుసలో కూర్చునే పిల్ల. బయటికి తీసుకెళ్లి అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఫైళ్లకు లేబుళ్లు అంటించమన్నారట. 40 నిమిషాల్లో అయిపోయింది. పని చెప్పినాయన అప్పటికే మీటింగ్‌లోకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు తలెత్తకుండా పని చేసుకుంటున్నారు. కదిలిస్తే విసుక్కుంటారేమోనని భయం. ఊరికే గోడకేసి చూస్తూ కూర్చోవడం సిగ్గుగా అనిపించి ఫోన్ తీసింది.

మీటింగ్ అయ్యాక ఆయనతో మాట్లాడితే, "ఆ అమ్మాయికి ఆసక్తి లేదేమో అనుకున్నానండీ, అందుకే ఇబ్బంది పెట్టలేదు" అన్నారు. ఆయనా మంచి మనిషే, ఆ పిల్లా మంచిదే. మధ్యలో ఒక్క మాట లేక రోజున్నర పోయింది.

అప్పటినుంచి నేను ఫోన్‌ని ఒక గుర్తుగా చూస్తున్నాను. పిల్లవాడి చేతిలో ఫోన్ కనిపించిందంటే, అతనికి తర్వాత ఏం చేయాలో తెలియట్లేదు, అడగడం కూడా రావట్లేదు అని అర్థం. ఫోన్ తీసేసుకుంటే అతను ఫోన్ లేకుండా కూర్చుంటాడు, అంతే.

దీనికి కారణం పిల్లల్లో కంటే మన బడిలోనే ఎక్కువ ఉంది. బడిలో గంట కొడితే ఒక పని అయిపోయి ఇంకో పని మొదలవుతుంది. పిల్లలు దేన్నీ వెతుక్కోనక్కర్లేదు. పైగా బడిలో ప్రశ్నలు అడిగేది జవాబు తెలిసిన టీచరు, చెప్పాల్సింది విద్యార్థి. తెలియదంటే మార్కు పోతుంది. తొమ్మిదేళ్లు ఇలా గడిపిన పిల్లల్ని ఒక సోమవారం పొద్దున, తెలియనివాడే నోరు తెరిచి అడగాల్సిన చోటికి పంపుతున్నాం. అక్కడ తెలియదని చెప్పకపోతేనే నష్టం. సరుకు పాడవుతుంది, కస్టమర్‌కి తప్పు సమాచారం వెళ్తుంది, ఒక్కోసారి దెబ్బ తగులుతుంది. ఈ తేడాని పిల్లలకు మాటల్లో చెప్పండి, ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాత ప్రాక్టీసు చేయించండి. వినడం వల్ల ఇది రాదు.

నేను ఐదు మాటలు ప్రాక్టీసు చేయిస్తాను. బోర్డు మీద రాస్తాను, కానీ చదివించను. నిలబడి, ఎదుటి మనిషి ముఖం చూస్తూ, గట్టిగా అనాలి.

మొదటిది: "మీరు చెప్పిన పని అయిపోయిందండీ, ఒకసారి చూస్తారా? తర్వాత ఏం చేయమంటారు?"

రెండోది: "ఇది నాకు సరిగ్గా అర్థం కాలేదండీ, ఇంకోసారి చూపిస్తారా?"

మూడోది, పని చెప్పగానే దాన్ని తిరిగి అప్పజెప్పడం: "అంటే ముందు వీటిని తేదీల ప్రకారం పేర్చి, తర్వాత ఆ పెట్టెలో పెట్టాలి, అంతేనా అండీ?" ఈ మూడోది చాలామంది పెద్దవాళ్లకే అలవాటు లేదు. దీనివల్ల ఎన్ని పొరపాట్లు ఆగిపోతాయో చెప్పలేను.

నాలుగోది: "నా వల్ల ఒక పొరపాటు జరిగిందండీ." సంజాయిషీ తర్వాత, ముందు ఈ మాట రావాలి. తప్పు చేసిన పిల్లలు దాన్ని దాచడానికి ప్రయత్నించడం వల్ల జరిగే నష్టం అసలు తప్పు వల్ల జరిగే నష్టం కంటే ఎక్కువ.

ఐదోది: "ఈ పని నేను చేయకూడదని స్కూల్లో చెప్పారండీ. మా టీచర్‌ని అడిగి చెప్తాను." దీని గురించి కింద విడిగా రాస్తాను.

ప్రాక్టీసు ఎలా చేయిస్తానంటే, నేను బల్ల దగ్గర వీపు తిప్పి కూర్చుంటాను. చెవి దగ్గర ఫోన్, ముందు కాగితాల గుట్ట. విద్యార్థి నా దగ్గరికొచ్చి, నేను ఖాళీ అయ్యేదాకా ఆగి, "ఒక్క నిమిషం మాట్లాడొచ్చా అండీ?" అని మొదలుపెట్టాలి. కొందరితో బాగా మాట్లాడతాను. కొందరితో కావాలనే విసుగ్గా "ఇప్పుడు కాదు, తర్వాత రా" అంటాను. అసలు పాఠం అక్కడుంది. మొదటిసారి చాలామంది తలొంచుకుని వెనక్కి వెళ్లిపోతారు. అప్పుడు ఆపి, క్లాసు మొత్తాన్ని అడుగుతాను, ఇప్పుడు ఏమనొచ్చు అని. ఎవరో ఒకరు చెప్తారు: "ఎంతసేపటికి రమ్మంటారండీ? అప్పటిదాకా నేను చేయగలిగింది ఏమైనా ఉందా?" అదే మాట ఇంకో పదిమందితో అనిపిస్తాను. ఎదుటివాళ్ల విసుగు తమ మీద కోపం కాదని, వాళ్ల పని ఒత్తిడి అని పిల్లలకు ఒంట్లోకి ఎక్కాలంటే ఈ విసుగుని ముందే ఒకసారి రుచి చూసి ఉండాలి. మూడో విడతకి వాళ్ల గొంతు మారుతుంది, మీరే గమనిస్తారు.

48 మందితో ఇదంతా ఒక్క గంటలో కాదు. అందుకే భాషా టీచర్ల సాయం అడగండి. సంభాషణ, లేఖ రాయడం, ఇంటర్వ్యూ చేయడం ఎలాగూ వాళ్ల పాఠాల్లో ఉంటాయి. వారానికి ఒక పావుగంట ఇమ్మంటే కాదనరు. మీకు దొరికిన గంటని చివరి వారానికి ఉంచుకోకండి, ఈ నెలలోనే వాడేయండి. చివరి వారంలో చెప్పినవి పిల్లల చెవుల్లోకి వెళ్లవు, అప్పటికే వాళ్లకు టెన్షన్ మొదలవుతుంది.

ఇక మొదటి ఫోన్ కాల్. పని చోటికి వెళ్లడానికి రెండు మూడు వారాల ముందు ప్రతి విద్యార్థీ తాను వెళ్లబోయే చోటికి తానే ఫోన్ చేయాలి. తల్లిదండ్రులు కాదు, మీరు కాదు. స్కూలు ఫోన్ నుంచి, మీరు పక్కన కూర్చుని ఉండగా చేయించండి. అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకోనివ్వండి: ఎన్నింటికి రావాలి, ఎక్కడికి రావాలి, వచ్చాక ఎవరిని కలవాలి, ఏ బట్టలు, ఏ చెప్పులు వేసుకోవాలి, మధ్యాహ్నం తిండి సంగతి ఏమిటి, ఆలస్యమైతే లేదా జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి. ఈ కాల్ అంటే పిల్లలకు ఎంత భయమో మీరు ఊహించలేరు. మెసేజీలకు అలవాటు పడిన పిల్లలు తెలియని పెద్దవాళ్లతో ఫోన్‌లో మాట్లాడటం ఇదే మొదటిసారి అయ్యుంటుంది. నా అనుభవంలో ఆ కాల్ చేసిన పిల్లలు మొదటి రోజు నిబ్బరంగా లోపలికి వెళ్తారు, ఎందుకంటే లోపల ఒక గొంతు వాళ్లకు ముందే పరిచయం. ఇంకో లాభం కూడా ఉంది. ఆ కాల్‌లోనే కొన్ని చోట్ల "ఏ పిల్లలు? మాకెవరూ చెప్పలేదే" అంటారు. ఆ సంగతి మొదటి రోజు పొద్దున గేటు దగ్గర తెలియడం కంటే మూడు వారాల ముందు తెలియడం మంచిది. ఏటా కనీసం ఒక చోట నాకిలా జరుగుతుంది.

వీలైతే ముందు వారాంతంలో ఆ దారిలో ఒకసారి వెళ్లి రమ్మనండి. తొలిరోజు ఆలస్యాల్లో సగం దారి తెలియక జరిగేవే.

భద్రత గురించి కాస్త ఎక్కువ రాస్తాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పే లెక్క ప్రకారం 24 ఏళ్ల లోపు యువ కార్మికులకు పనిలో ప్రాణాంతకం కాని గాయాలు 25 దాటినవాళ్లతో పోలిస్తే 40 శాతం దాకా ఎక్కువ. కారణాలు మనకు తెలిసినవే. ప్రమాదం ఎక్కడుందో చూసే అనుభవం ఉండదు. యంత్రాలు, పనిముట్లు పెద్దవాళ్ల చేతులకు తగ్గట్టు చేసి ఉంటాయి, ఎముకలూ కండరాలూ ఇంకా ఎదిగే దశలో ఉంటాయి. వీటన్నిటికీ తోడు, అడిగితే చులకనవుతామన్న జంకు, చెప్పిన పని కాదనలేకపోవడం.

ఆ చివరి కారణాన్ని నేను కళ్లారా చూశాను. ఏడేళ్ల క్రితం మా విద్యార్థి ఒకడు ఒక స్టోర్‌రూమ్‌లో పని చేస్తున్నాడు. పై అరలో ఉన్న పెట్టె దించమన్నారు. నిచ్చెన కనపడలేదు. చక్రాల కుర్చీ ఎక్కాడు. కుర్చీ జారింది, మణికట్టు విరిగింది. ఆసుపత్రిలో అడిగాను, అది జారుతుందని నీకు తెలియదా అని. "తెలుసు సార్. నిచ్చెన ఎక్కడుందని అడిగితే ఇంత చిన్న పనికి కూడా అడుగుతాడనుకుంటారని..." అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఆ ఏడాది నేను పిల్లలకు భద్రతా నియమాల కాగితం ఇచ్చాను, అందులో ఎత్తులు ఎక్కడం గురించి కూడా ఉంది. అడగొచ్చు అని మాత్రం ఎవరితోనూ అనిపించలేదు.

ఆ ఐదో మాట అప్పుడు పుట్టిందే. "స్కూల్లో చెప్పారు" అన్న భాగం అందులో చాలా ముఖ్యం. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఒక పెద్దమనిషి ముఖం మీద "నేను చేయను" అనలేడు. కాదనే బరువుని స్కూలు మీద వేసేస్తే అనగలడు. దాంతోపాటు, చేయకూడని పనుల జాబితా ఒకటి చిన్న కార్డు మీద అచ్చువేసి పిల్లల జేబులో ఉంచండి. అదే జాబితా ముందుగానే సంస్థలకూ పంపండి. నా కార్డు మీద ఉండేవి ఇవి: ఎవరూ నేర్పని యంత్రాన్ని ముట్టుకోకూడదు, ఆగి ఉన్నా సరే. నిచ్చెన కానిదేదీ నిచ్చెనగా వాడకూడదు. ఒక్కడివల్ల సులువుగా లేవని బరువు ఎత్తకూడదు. పేరు లేని సీసాల్లోని రసాయనాలు తాకకూడదు. స్కూలుకి తెలియకుండా ఎవరి బండీ ఎక్కి బయటి పనికి వెళ్లకూడదు. చెప్పిన సమయం దాటి ఉండకూడదు. జుట్టు ముడేసుకోవడం, వేలాడే గొలుసులూ చున్నీలూ తీసేయడం లాంటివి యంత్రాలున్న చోట్లకు వెళ్లేవాళ్లకు విడిగా చెప్తాను. మొదటి రోజు మొదటి గంటలో ప్రతి ఒక్కరూ మూడు విషయాలు అడిగి డైరీలో రాసుకోవాలి: మంటలు లేస్తే బయటికి దారి ఏది, ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుంది, దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలి. ఇదీ అడిగే అలవాటుకి ఒక మొదలే.

చట్టం సంగతి కూడా చూసుకోండి. బాలకార్మిక వ్యవస్థకు వ్యతిరేకంగా 1973లో వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 138వ ఒప్పందం చదువులో భాగంగా చేసే పనిని మినహాయించింది. అయితే బడి బయట సంస్థల్లో చేసే పనికి ఆ మినహాయింపు 14 ఏళ్లు నిండినవాళ్లకే, అదీ ప్రభుత్వం పెట్టిన షరతులకు లోబడి. ప్రమాదకరమైన పనికి అదే ఒప్పందం ప్రకారం కనీస వయసు 18. ఒక్కో దేశంలో నియమాలు ఇంకా కఠినంగా ఉండొచ్చు, కాబట్టి మీ విద్యాశాఖ ఉత్తర్వులు తెప్పించుకుని చదవండి. బీమా ఎవరి పేరున ఉందో, స్కూలు బయట జరిగినదానికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. ఒక చిన్న పని ఈరోజే చేయండి. 48 మంది పుట్టిన తేదీలు చూడండి. తొమ్మిదో తరగతిలో 14 నిండనివాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్లను స్కూల్లోనే లైబ్రరీ, ల్యాబ్, ఆఫీసు పనుల్లో పెట్టడం మేలు.

ఇంకో విషయం చెప్పడానికి చాలామంది టీచర్లు మొహమాటపడతారు. మీరు మొహమాటపడకండి. పని చోట ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేసినా, వంకరగా మాట్లాడినా, సొంత ఫోన్ నంబరు అడిగినా, తలుపు మూసిన గదిలో ఒంటరిగా కూర్చోబెట్టినా, అక్కడ ఉండక్కర్లేదు, మర్యాద గురించి ఆలోచించక్కర్లేదు, బయటికొచ్చి ఫోన్ చేయాలి. ఈ మాట అమ్మాయిలకు మాత్రమే కాదు, అబ్బాయిలకూ చెప్పండి. ఎవరికి ఫోన్ చేయాలో ఇద్దరి నంబర్లు ఇవ్వండి, అందులో ఒకరు మహిళా టీచర్ అయితే మంచిది. మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎదురుగా మనుషులున్నప్పుడు విషయం చెప్పడం కష్టం కాబట్టి, ఫోన్‌లో "నా నీలం ఫైలు స్కూల్లో మర్చిపోయానా?" అని అడిగితే చాలు, మేం పావుగంటలో బయల్దేరతాం. పద్నాలుగేళ్లలో రెండుసార్లు ఆ ఫోన్ వచ్చింది. ఇద్దరు పిల్లల్నీ అప్పటికప్పుడు వెనక్కి తెచ్చాం, ఆ రెండు చోట్లకూ మళ్లీ ఎవరినీ పంపలేదు. అలా ఫోన్ చేసినందుకు పిల్లల్ని ఒక్క ప్రశ్న కూడా అనుమానంగా అడగకండి.

పిల్లల నోరు తెరిపించడం ఒక సగం. వినే మనిషిని సిద్ధం చేయడం ఇంకో సగం. ప్రతి సంస్థకూ ఒకే పేజీ ఉత్తరం పంపండి. పది పేజీల మార్గదర్శకాలు ఎవరూ చదవరు. అందులో మూడే మూడు కోరండి. ఈ ఐదు రోజులూ పిల్లవాడు ఎవరిని అడగాలో ఒక్క మనిషి పేరు, ఆయన సెలవు పెడితే ఇంకొకరి పేరు. మొదటి రోజు మొదటి రెండు గంటల్లో ఏం జరుగుతుందో. ఖాళీ దొరికినప్పుడు చేసుకోవడానికి ఒక నిలకడైన పని, అంటే పాత రికార్డుల పట్టిక రాయడమో, సామాను లెక్కించడమో. ఈ మూడోది ఉన్న చోట ఫోన్ ఫిర్యాదు దాదాపు రాదు. జీతం ఇచ్చే మనిషి స్థానంలో పిల్లవాణ్ని పెట్టుకోకూడదని కూడా ఆ ఉత్తరంలోనే స్పష్టంగా రాయండి. కొందరు పండగ రద్దీకి ఉచితంగా చేతులు దొరికాయనుకుంటారు.

కొన్ని చోట్ల పిల్లలకు పని ఇవ్వడం నిజంగానే కుదరదు. ఆసుపత్రి, న్యాయవాది ఆఫీసు లాంటి చోట్ల చూడటమే ఉంటుంది. అక్కడికి వెళ్లేవాళ్లకు చూడటం కూడా నేర్పాలి. ఒక్క మనిషిని ఎంచుకుని, గంటసేపు ఆయన ఎన్నిసార్లు చేస్తున్న పని ఆపాల్సి వచ్చింది, ఎవరి కోసం ఆపారు, మళ్లీ ఎలా మొదలుపెట్టారు అని రాసుకోమనండి. తర్వాత ఆయన్నే అడగాలి, ఇందులో మీకు ఏది కష్టంగా ఉంటుందని. ఇలాంటి ప్రశ్నకు పెద్దవాళ్లు సంతోషంగా జవాబు చెప్తారు, చాలాసార్లు ఆ జవాబే పిల్లలకు ఆ వారంలో మిగిలేది. అక్కడ చూసిన పేషెంట్ల, క్లయింట్ల సంగతులు బయట చెప్పకూడదని, ఫొటోలు తీయకూడదని కూడా చెప్పి పంపండి.

ఐదు రోజులు సరిపోతాయా అని మీరు అనుమానపడ్డారు. జర్మనీలో బడి పిల్లల ప్రాక్టికమ్, అంటే ఇలాంటి పని అనుభవమే, సాధారణంగా రెండు మూడు వారాలు ఉంటుంది. జపాన్‌లో హ్యోగో ప్రాంతం 1995 భూకంపం తర్వాతి సంవత్సరాల్లో, 1998లో, ఎనిమిదో తరగతి వయసు పిల్లలందరికీ ఇలాంటి వారం మొదలుపెట్టింది. వాళ్లదీ ఐదు రోజులే. నేను చూసినంతలో మొదటి రెండు రోజులు పిల్లలకు బెరుకుతోనే పోతాయి. మూడో రోజు మధ్యాహ్నం నుంచి నిజంగా పని మొదలవుతుంది. మీకున్నవి ఐదు రోజులే కాబట్టి ఆ బెరుకుని స్కూల్లోనే సగం ఖర్చుపెట్టించాలి. నేను పైన రాసిన ప్రాక్టీసంతా అందుకే.

ఎవరిని ఎక్కడికి పంపాలన్నదాని మీద ఒక్క మాట. 15 ఏళ్ల పిల్లల్ని 41 దేశాల్లో 2018లో అడిగిన సమాధానాల ఆధారంగా ఓఈసీడీ (ఆర్థిక సహకారం, అభివృద్ధి కోసం కొన్ని దేశాలు పెట్టుకున్న సంస్థ) ఒక నివేదిక ఇచ్చింది. ముప్పై ఏళ్లకు ఏ ఉద్యోగంలో ఉంటారంటే అమ్మాయిల్లో 53 శాతం, అబ్బాయిల్లో 47 శాతం కేవలం పది ఉద్యోగాల పేర్లలోంచే చెప్పారు. పిల్లలు అడిగిన చోటికే పంపితే, వాళ్లకు పేరు తెలిసిన చోట్లకే పంపినట్టు. అందుకే నేను మూడు ఇష్టాలు రాయమంటాను, మూడోది మాత్రం ఇప్పటిదాకా ఎవరూ వినని పని అయ్యుండాలి. నీటిశుద్ధి కేంద్రం, మ్యాపులు గీసే ఆఫీసు, కళ్లద్దాలు సానబెట్టే ల్యాబ్ అలా దొరికినవే. ఇంకో జాగ్రత్త. చోటు మీరే వెతుక్కోండని పిల్లలకు వదిలేస్తే, పరిచయాలున్న తల్లిదండ్రుల పిల్లలకు మంచి చోట్లు, మిగిలినవాళ్లకు మిగిలినవి వస్తాయి. స్కూలు సంపాదించిన చోట్లను ముందు ఇంట్లో ఎవరి పరిచయమూ లేని పిల్లలకు ఇవ్వండి. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

మాట తడబడే పిల్లలు, ఎక్కువ శబ్దం తట్టుకోలేని పిల్లలు, ఆరోగ్య సమస్య ఉన్నవాళ్లు మీ 48 మందిలో ఉంటారు. వాళ్ల గురించి సంస్థకు ఏం చెప్పాలో ముందు వాళ్లనే అడగండి. "నాకు రెండుసార్లు చెప్తే బాగా అర్థమవుతుంది" అని ఆ పిల్లే చెప్పగలిగితే అంతకంటే కావాల్సింది లేదు. ఫిట్స్, ఎలర్జీ లాంటివి మాత్రం తల్లిదండ్రుల అనుమతితో సంస్థకు రాతపూర్వకంగా తెలియాల్సిందే.

డైరీ పెట్టించండి, కానీ "ఈరోజు ఏం చేశావు" అని అడిగే డైరీ వద్దు. దానికి "ఫైళ్లు సర్దాను" అని ఐదు రోజులూ ఒకటే జవాబు వస్తుంది. నా డైరీలో రోజుకి మూడు గళ్లు ఉంటాయి: ఈరోజు ఎవరిని ఏం అడిగావు, వాళ్లేం చెప్పారు, అడగాలనుకుని అడగలేకపోయింది ఏమిటి. మూడో గడి చదివితే నాకు ఆ పిల్లవాడి వారమంతా కనిపిస్తుంది. మర్నాడు ఆ మూడో గడిలోదే మొదట అడగాలని నియమం. తిరిగొచ్చాక నలుగురైదుగురు చొప్పున కూర్చోబెట్టి ఆ గళ్ల మీదే మాట్లాడించండి. అనుభవం దానంతటదే పాఠం కాదు, దాన్ని తిరగేసి చూసుకుంటేనే అవుతుంది అని విద్యావేత్త డేవిడ్ కోల్బ్ లాంటివాళ్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. వారం గడిపి వచ్చి "ఈ పని నాకు అస్సలు నచ్చలేదు" అన్న పిల్లని ఓదార్చొద్దు. ఎందుకు నచ్చలేదో వివరంగా చెప్పమనండి. రోజంతా కూర్చోవడమా, ఒంటరిగా ఉండటమా, డబ్బు లెక్కలా? ఆ జవాబు ఆ పిల్లకు పై చదువు ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది. కృతజ్ఞతల ఉత్తరం ప్రతి ఒక్కరూ సొంతంగా రాయాలి. అందులో తాము నేర్చుకున్న ఒక్క ప్రత్యేకమైన విషయం ఉండాలి. అందరికీ ఒకే నమూనా ఇవ్వకండి. వచ్చే ఏడాది ఆ సంస్థ మళ్లీ ఒప్పుకునేది ఆ ఉత్తరం చూసే.

వద్దంటున్న ఆ ముగ్గురి తల్లిదండ్రుల గురించి. అందరితో కలిపి మీటింగ్ పెట్టకండి. ఒక్కొక్కరినీ విడిగా కలవండి. మీరే అడగండి, ఏం జరుగుతుందని భయమని. "చదువు పోతుంది" అని మొదలుపెట్టేవాళ్ల అసలు భయం చాలాసార్లు వేరే ఉంటుంది, దారి దూరమనో, అక్కడ మగవాళ్లే ఉంటారనో. ఆ కార్డు చూపించండి, రెండు నంబర్లూ చూపించండి, వీలైతే ఆ చోటికి వాళ్లను ఒకసారి తీసుకెళ్లండి. అప్పటికీ వద్దంటే గౌరవించండి, ఆ పిల్లలకు స్కూల్లోనే నిజమైన పని ఏర్పాటు చేయండి.

చివరిగా మీ విజిట్ల సంగతి. మీ ప్రణాళికలో సంస్థల సందర్శన ఐదో రోజు అని రాశారు. దాన్ని రెండో రోజు పొద్దునకి మార్చండి. ఐదో రోజు వెళ్తే మీకు ఫొటోలు దొరుకుతాయి, రెండో రోజు వెళ్తే కిటికీ పక్కన ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్ల దొరుకుతుంది. 48 మందినీ ఒక్క పూటలో చూడలేరు కాబట్టి ఇంకో ఇద్దరు టీచర్లను అడిగి పెట్టుకోండి. ఆ అయిదు మాటల్లో ఏది అనలేకపోతోందో ఆ పిల్లనే అడగండి, తర్వాత ఇద్దరూ కలిసి ఆ సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లండి. మాట మాత్రం ఆ పిల్లతోనే అనిపించండి.